వాళ్ళమ్మ చదవాలి

తాంపెరెలో మధ్యాహ్నం మూడుకే చీకటి.
కింద దీపమున్న గాజుబల్ల మీద రైలి బ్లేడు కదులుతుంది.

ముప్ఫై ఏళ్ళు టాంగో పత్రికకి పేజీలు కట్టింది ఆ చెయ్యి:
గోధుమరంగు, గుండ్రటి అక్షరాలు,
పాటగాడు ఊపిరి పీల్చుకునేంత చోటు
మాటకీ మాటకీ మధ్య.
ఆ చోటుని ఖాళీ అంటే ఆమెకి కోపం.

ఇప్పుడు మెటల్ కుర్రాళ్ళ పత్రిక.
నలుపు మీద నలుపు. బ్యాండు పేరంటే
ముళ్ళకంప, వేర్లు, ఎండుపుల్లలు.
"ఇది ఏ అక్షరం బాబూ?"
"తెలీకూడదు రైలీ, అదే కదా!"
యార్కో నవ్వుతాడు.
సరే, గిటారు గీరినట్టే గీరింది
అంచుల దాకా, ఊపిరాడకుండా.
ఒప్పుకోదు గానీ, సరదాగానే ఉండేది.

ఫిబ్రవరిలో ఒకరోజు యార్కో
టోపీ తియ్యకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.
చేతిలో ఫొటో. డ్రమ్మర్ కిమ్మో.
మంచు రోడ్డు, లారీ.
"పేరు మామూలుగా పెట్టు.
వాళ్ళమ్మ చదవాలి."

రైలి ఏమీ అనలేదు.
అడుగు సొరుగు బిగుసుకుపోయింది,
రెండుసార్లు లాగాల్సొచ్చింది.
పాత గుండ్రటి అక్షరాలు, ఇంకా పసుపెక్కనివి, ఏరింది.

నల్లటి పేజీ మధ్యన అయిదే అయిదు.
చుట్టూ బోలెడంత చోటు.

జిగురు ఆరేదాకా
యార్కో టోపీ చేత్తో పట్టుకునే ఉన్నాడు.