నడుం పట్టీ

వాదీ కబీర్ల మా షెడ్డుకు
అరవై నాలుగు మోడల్ బెంజి కారొచ్చింది.
మీగడ రంగు. డోరు మూస్తె
ఇనుప బీరువా మూసిన చప్పుడు.
ఎర్ర తోలు సీట్ల పగుళ్లల్ల
ఇంకిపోయిన మూడు తరాల చెమట.
బూడిద దులుపుకునే గిన్నెలు నాలుగున్నయి,
బెల్టు ఒక్కటి లేదు.

"సీట్లు కుట్టు, చాలు," అన్నడు ఖల్ఫాన్ ముసలాయన.
"పుట్టినప్పుడు లేని ఎముకను
ముసలితనంల పెడతరా ఎవరన్న?
నేలకు బొక్క పడితే దీని పరువు పోతది.
దీన్ని చూస్తే చట్టం గూడ
పెద్దమనిషి ముందట పిల్లగాని తీరు
లేచి నిలబడుతది."

నేనేమంట? సూదిల దారమెక్కించిన.

మూడో రోజు మనుమరాలిని తోల్కొచ్చిండు.
రీమ్, ఏడేండ్లది, పండుగకు నిజ్వా పోతదట ఈ కార్ల.
ఎనక సీట్ల కూసోంగనే
కుడి భుజం మీదికెల్లి చెయ్యి పోనిచ్చి
గాలిల ఏదో దేవులాడింది.
గుంజింది. ఏం రాలే.
మళ్ల గుంజింది.

ముసలాయన మీసం కొస నములుకుంట నిలబడ్డడు.
చానసేపైనంక
"ఎన్ని బొక్కలు?" అన్నడు.
"మనిషికి రెండు."

సిరిసిల్లల పదేండ్లు మరమగ్గం నడిపిన చెయ్యి ఇది.
పట్టీ నేతను కండ్లు మూసుకొని చదువుత:
చేప ముల్లు తీరు ఏటవాలు పోగులు,
రెండు దిక్కుల గట్టి అంచు.
అంచు పీకిన చీర ఇంట్ల కట్టుకోవచ్చు,
అంచు పీకిన పట్టీ
కుక్కను కట్టేసేటందుకు గూడ పనికిరాదు.
ఎండ తాగిన పాత పట్టీ మరీ మోసం,
తెగేదాక మంచిగనే కనవడ్తది.

కార్పెట్ లేపి సుత్తితోని తట్టుకుంట పోయిన.
మంచి రేకు గంట లెక్క పలుకుతది,
తుప్పు రేకు అప్పడం లెక్క.
ఉత్త రేకుకు బోల్టు బిగిస్తే
దెబ్బ పడ్డ నాడు రేకును చింపుకొని
బోల్టు గూడ మనిషితోనే పోతది.
కింద అరచెయ్యంత ఇనుప పలక పెట్టిన,
కుళ్లిన కాడ కోసి కొత్త రేకు అతికిచ్చిన.

"పట్టీ కడుపు మీదికి రావద్దు సేటూ,
తుంటి ఎముకల మీద కూసోవాలె.
బిడ్డకు కింద ఎత్తు సీటు కొనుండ్రి."
రీమ్ టక్కున పెట్టి, టక్కున తీసి, మళ్ల పెట్టింది.
ముసలాయన నేల మీది నాలుగు బోల్టు తలకాయలను
సచ్చిన చుట్టాలను చూసినట్టు చూసిండు.
పైసలు మాత్రం లెక్కకంటె ఎక్కువ ఇచ్చిండు.

రాత్రి ఏడింటికి కంపెనీ బస్సు.
దీనికి బెల్టులున్నయి, చెకింగ్ కోసం.
నా సీటుకు పట్టీ ఉంది, బకిల్ లేదు.
ముందటి సీటోళ్లు పట్టీని ముడేసి
టిఫిన్ డబ్బ వేలాడదీస్తరు,
సాంబారు ఒలకకుంట.

పోయినేడు బర్కా రోడ్డు మీద
ఒంటె అడ్డమొచ్చిన రాత్రి
డబ్బ ఆగింది.
లింబాద్రి ఆగలే.
డబ్బ మూత గూడ ఊడలే,
అది నేనే తీసిన, ఎవలూ తినని అన్నాన్ని
పొద్దుగాల పారబోసిన.

బెంజి పనిల మిగిలిన పట్టీ ఆరు గజాలు,
బకిల్లు రెండు, పలకలు నాలుగు.
అర్బాబును అడగలే.
శుక్రవారం డ్రైవర్ దావూద్‌ను చాయ్‌కి తోలి
బస్సు కిందికి దూరిన.
ఈపు కింద కంకర కాలుతున్నది.
ముందటి సీటు కింద తట్టిన. గంట.
దాని ఎనక తట్టిన. గంట.
లింబాద్రి సీటు కిందికి జరిగి
సుత్తి ఎత్తి
జరసేపు అట్లనే పన్న.