రెప్ప కింద రంగు

మంద పొద్దు పొడవకముందే లేస్తది.
నేనే బయటికి ఇడువ.
గడ్డి కొనల మీద మంచు ఆరేదాక
నట్టపిల్లలు ఆడనే కూసుంటయని
దవాఖాన్ల సబీహా డాక్టరమ్మ చెప్పింది.
ఆకలికి తడికెను తలలతోని గుద్దుతున్నయి గొర్లు.
కోపం నా మీద, మంచు మీద కాదు.

మా మామ పెద్దులుది ఒకటే లెక్క:
మూన్నెల్లకోపారి తెల్లమందు,
వెదురుగొట్టంతోని, ఒక్కదాన్ని ఇడవకుంట,
దూడలకు సుత.
తూకమంతా కంటితోనే.
"పదిహేను కిలోలుంటదిది, గింత చాలు."
కాంటా ఎక్కిస్తే ఇరవై ఆరు.
ఇన్నేండ్ల సంది సగం మందు తాగిన నట్ట
సావుడు మర్శిపోయింది.

నిరుడు శ్రావణంల తాపినం.
పదోనాడు పెంటికలు పొట్లం గట్టి
దేవరకొండ బస్సెక్కిన.
అద్దం కింద గుడ్లు,
తాపకముందు ఎన్నో తాపినంక గన్నే.
నల్లచెవుల గొర్రెకు దవడ కింద నీళ్లసంచి.
పదకొండు పిల్లలను వాగొడ్డున పూడ్చినం.
మామ ఖాళీ సీసాను చెవి కాడ పెట్టి ఊపిండు,
లోపలెవరో ఉన్నట్టు.

ఇప్పుడు ఒక్కోదాన్ని మోకాళ్ల సందున పట్టి
కింది రెప్ప తిప్పి చూస్తున్న.
ఎర్రగున్నదా, పో.
దోరజామ లోపలి రంగా, పో, మళ్ల చూస్త.
సున్నం గోడ లెక్కుంటేనే మందు,
వేరే మందు,
తూకమేసి, నాలుక ఎనకదాక.

నూటనాలుగిట్ల ఇరవైమూడుకే తాపిన.
"కడమవాటి కడుపుల పురుగును సాకుతున్నవా?"
గడప మీంచి మామ.
అవు మామా, సాకుతున్న.
మందుకు లొంగే పురుగు కొంచెం బతకాలె.
అది గూడ పోయిందనుకో,
లొంగనిది లొంగనిదాన్నే పెండ్లాడుతది,
ఇగ ఊరంత వాటి సంతానమే.

మామ మాట్లాడలే.
బీడి ఆరిపోయింది, మళ్ల అంటియ్యలే.

బాయికాడి బీడుల ముందు ఆవులను తోలుతున్న.
గొర్రె నట్ట ఆవు కడుపుల దారి తప్పి సస్తదట.
ఆవులకు తెల్వదు తామేం మేస్తున్నయో.
సంతల కొన్న రెండు పొట్టేళ్లు
పదిహేనొద్దుల సంది ఏరే కొట్టంల ఒర్లుతున్నయి.

రాత్రి లెక్క రాసుకుంటుంటే
మామ టార్చి పట్టుకొచ్చి దూరంగ నిలబడ్డడు.
"నూటనాలుగు చూసినవు.
నీది చూసుకున్నవా బిడ్డా?"

బండి అద్దం తిప్పి
వేలితోని కింది రెప్ప గుంజిన.

దోరజామ.