రెండు పాళ్ళు

గూడూరు నిమ్మకాయల యార్డులో
పొద్దున తొమ్మిదికి లూజు ఆరువేల రెండొందలు.
పదకొండుకి ఢిల్లీ నుంచి ఫోనొచ్చింది, నాలుగువేల ఎనిమిదొందలు.
కాయ అదే. కోసిన చెయ్యి అదే.
"ఏందక్కా ఇది, రెండు గంటల్లో ఏం పులుపు తగ్గింది?"
సైదాపురం రైతు నన్నడుగుతాడు,
మరిది మండీలో కూర్చున్న పాపానికి.
నేనేం చెప్పేది?
ఇరవై ఆరేళ్ళు నేను తిన్నదీ ఇట్లాంటి లెక్కే.

జీతం అందరికీ ఒకటే,
ఊళ్ళే ఒకటి కావు,
అని చేరిన మొదటిరోజు చెప్పారు.
జెనీవాలో రొట్టె, ఇంటద్దె, క్షవరం,
నైరోబీలో అవే, బ్యాంకాక్‌లో అవే,
ఎవరో పుస్తకం పట్టుకుని అంగడంగడీ తిరిగి రాసుకొస్తారు.
ఆ రాతలన్నీ కూడి ఊరికో గుణకం.
నెల మొదట్లో కాగితం దిగేది:
ఫలానా ఊరు రెండు పాయింట్లు పైకి, ఫలానా ఊరు ఒకటి కిందికి.
నేను గళ్ళల్లో కొట్టేదాన్ని.
గుణకం తగ్గిన నెల పెద్ద సార్లు
నా బల్ల ముందు నిలబడి
అచ్చం ఈ రైతు మాదిరే అరిచేవాళ్ళు,
కాకపోతే ఫ్రెంచిలో.

తెక్లే అరవలేదు.
అస్మరాలో మా ఆఫీసు తెల్లజీపు తోలేవాడు.
స్థానిక సిబ్బంది, వేరే స్కేలు, గుణకం లేదు.
సొంతూరికి సర్దుబాటేందని కాబోలు.

పింఛనుకి మాత్రం అందరిదీ ఒకే కళ్ళం.
మనం ఒక పాలు పోస్తే
సంస్థ రెండు పాళ్ళు పోస్తుంది.
కొండదారిలో టైరు పంచరైన ఒక మధ్యాహ్నం
మూడు రాళ్ళు పేర్చి చూపించాను.
"మా నాయన కోరుకు చేసినన్నాళ్ళూ
రెండు పాళ్ళు ఆసామి ఇంటికి పోయేవి తెక్లే,
ఇక్కడ ఆసామే మనకి ఎదురు పోస్తున్నాడు, చూడు!"
మోళకొలుకుల వడ్లెట్లా ఉంటాయో గూడా చెప్పాను.
అర్థమైందో లేదో, నవ్వాడు.
రాళ్ళు మూడూ జేబులో వేసుకున్నాడు.

మిషన్ మూస్తున్నారని ఉత్తర్వు వచ్చేటప్పటికి
అతని సర్వీసు నాలుగేళ్ళ పది నెలలు.
ఐదు నిండితేనే పింఛను.
నిండనివాడికి తన పాలు తనకి, పైన కాస్త వడ్డీ.
రెండు పాళ్ళూ కళ్ళంలోనే.
తప్పేం లేదు, నియమం ఎవరికైనా నియమమే.
లెక్క కట్టింది నేను.
రెండోసారి సరిచూసింది నేను.
అతని భార్య పేరులో ఒక అక్షరం తప్పు పడితే
దిద్ది మళ్ళీ అచ్చు తీసింది నేను.
సంతకం పెట్టాడు.
జేబులోంచి ఏదో తీసి నా బల్లమీద పెట్టి
"ఇవి మీ దగ్గరుండిపోయినవి, మేడం" అన్నాడు.
రెండు రాళ్ళు.
మూడోది అతని దగ్గరే ఉంచుకున్నాడు.

ఇప్పుడు నెలనెలా నాకు పడుతుంది.
డాలరు పెరిగిన రోజు బ్యాంకు మేనేజరు
నాకంటే ముందు సంతోషిస్తాడు.
మా వీధివాళ్ళు నా పింఛనుని అంకణాల్లో కొలుస్తారు,
"నెలకి రెండంకణాలు కొనుక్కోవచ్చు" అని.
నేను కొనలేదు.
ఆ కళ్ళంలోంచి వచ్చే గింజల్లో
ఎవరివి ఎన్నో విడదీయడం నాకు చేతకాదు,
నా ఉద్యోగమంతా విడదీయడమే అయినా.

ఏటా ఒక కాగితం వస్తుంది,
బతికే ఉన్నావా అని.
ఉన్నానని సంతకం పెట్టాలి,
అది పాత సంతకంతో కలవాలి.
ఈ ఏడు వేలు వణికి తోక వంకర పోయింది.
హైస్కూలు హెడ్మిస్ట్రెస్ వసంతకుమారి గారు
నా మొహం ఒకసారి, కాగితం ఒకసారి చూసి
ముద్ర గుద్దింది: ఉంది, ఈమె ఉంది.

మండీకి తెచ్చి ఆరబెట్టాను సిరా.
బయట రైతు నాలుగువేల ఎనిమిదొందలకి
తల ఊపేసినట్టున్నాడు, బస్తాల చప్పుడు.
ఫ్యాను గాలికి కాగితం లేస్తుంటే
సంచీలోంచి రాళ్ళు తీసి
ఈ మూల ఒకటి, ఆ మూల ఒకటి పెట్టాను.
మూడో మూల కొట్టుకుంటూనే ఉంది.