తూచ్

ఆమెది ముప్పై ఒకటో నంబరు.
పేరు రాయకూడదన్నది నియమం, రాయలేదు.
కానీ కోటు కొక్కేనికి తగిలిస్తుంటే
కాలరు లోపల కుట్టిన గుడ్డముక్క కనబడింది: తూవి కార్న.
ఔలు పట్నం, ఫిబ్రవరి, డెబ్బై ఎనిమిది.
కిటికీ అవతల నది గడ్డకట్టి ఉంది,
ఎవరో ముసలాయన దాని మీద స్కీలు వేసుకుని
సరుకుల సంచితో ఇంటికి పోతున్నాడు.

నా పని చాలా చిన్నది.
ముప్పై ఆరు ఫోటోలు చూపించాలి.
ఈ ముఖంలో ఉన్నది కోపమా, దిగులా, అసూయా,
ఆమె గళ్ళు నింపాలి.
పక్కగదిలో నేను లెక్క కడుతున్నట్టు
సరిగ్గా నాలుగు నిమిషాలు నిలబడాలి.
కాఫీ తాగేదాన్ని.
తర్వాత కవరు.
లోపలి కాగితం ముందురోజే టైపు చేసింది.
ఎవరికి ఏ కవరో ఒక నాణెం తేల్చేది, బొమ్మా బొరుసూ.
ఆమెకి బొరుసు పడింది:
"ఎదుటివారి మనసు గ్రహించే శక్తిలో
నూటికి తొంభై నాలుగుమంది మీకంటే మెరుగు."

అబద్ధానికి ఆయుష్షు ఇరవై నిమిషాలు,
అలాగే ఉంది ప్రణాళికలో.
గడువు తీరగానే నేను ఎదురుగా కూర్చుని
తూచ్, ఇదంతా ఉత్తుత్తిదే, అనాలి.
మీ జవాబులు మేం దిద్దనేలేదు, ఏమీ అనుకోకండి,
ఇదిగో బస్సు ఛార్జీ, ఇక్కడ సంతకం.
ముప్పైమందికి చెప్పాను.
కొందరు నవ్వారు. ఒకతను బల్ల గుద్దాడు.

ఆమె పదమూడో నిమిషంలో లేచింది.
హౌకిపుదాస్‌కి ఆఖరి బస్సు, అంది.
నేను కాగితాల కట్ట సర్దుతున్నాను.
తలెత్తేసరికి మెట్ల మీద బూట్ల చప్పుడు.
పరుగెత్తొచ్చు.
కాళ్ళకి మేజోళ్ళే ఉన్నాయి, బయట సున్నాకి ఇరవై ఆరు కింద.
అది కారణం కాదు.
ఇన్నేళ్ళూ కారణంలాగే వాడుకున్నాను.

పేరు తెలియదని ప్రొఫెసర్ రౌతవారకి చెప్పాను,
తెలిసి ఉండడమే తప్పు గనక.
"ఒక్కరే కదా, ఇర్మెలీ" అన్నాడు, మంచివాడే.
వ్యాసంలో ఆమె పాదసూచిక అయింది:
ఒకరు మధ్యలో వైదొలిగారు, లెక్కలోంచి తీసేశాం.
ఆమెని తీసేశాం సరే,
ఆమెలోంచి ఆ కాగితాన్ని?

ఇప్పుడు నేను నైతిక సంఘంలో ఉన్నాను.
నెలకో గురువారం కుర్రాళ్ళు దరఖాస్తులతో వస్తారు,
సమ్మతి పత్రం, బీమా, అన్నీ చక్కగా.
మధ్యలో వెళ్ళిపోయినవాళ్ళకి ఎవరు చెప్తారు, అంటాను.
మళ్ళీ మొదలెట్టింది ముసలమ్మ, అన్నట్టు చూస్తారు.

కిందటి ఏడు పత్రికలో ఒక చిన్న ఫోటో.
ఆస్పత్రి లాండ్రీలో నలభై ఏళ్ళు చేసి విరమణ, తూవి కార్న.
ఆ రోజు ఫారంలో
"వచ్చే ఏడు నర్సు కోర్సు" అని రాసింది ఆమె.
కాగితం వల్లే అని నేననను.
ఒక్కరితో ఏదీ రుజువు కాదు,
మాకు నేర్పిందే అది.

వెళ్ళాను.
యాలకుల రొట్టె కోసి పెట్టింది.
కాఫీ చల్లారేదాకా చెప్పాను, నాణెం సంగతితో సహా.
అడ్డురాలేదు. రొట్టె పొడిని వేలితో కుప్ప చేసింది.
"అయితే అప్పుడు చెప్పింది అబద్ధం."
అవును.
"ఇది రెండో భాగం కాదని ఎలా నమ్మను?"

జవాబు లేదు.
నా ముఖాన్ని చాలాసేపు చూసింది,
ముప్పై ఏడో ఫోటోని చూసినట్టు.
"భయం" అంది. "సరిగ్గా చెప్పానా?"
అవునన్నాను.
నా అవునుకి ఆ ఇంట్లో ఏం ధర పలుకుతుందో.

గోడ గడియారం వైపు తిరిగి
"మీ బస్సు పది నిమిషాల్లో ఉంది" అంది.
వెళ్ళమనడమో, తర్వాతి బస్సుకి వెళ్ళొచ్చులే అనడమో.
ముఖాలు చదవడం
నాకు రాదు.