ఇంకా చిరగని చొక్కా

యారాడలో రెండో సాయంత్రం.
అర్జిల్లి పోలయ్య నీళ్ళలోంచి లేచి
ఇసుక మీద కూలబడి బీడీ అడిగాడు.
ఇరవై రెండేళ్ళలో ఎందర్ని తీశావంటే
"లెక్కెట్టనండి. సేతులకి గుర్తుంటాది."

పాతిక బ్యాచ్‌లకు ఆత్మ గురించి
పది మార్కుల ప్రశ్న ఇచ్చినవాణ్ణి.
అయినా అతన్నే అడిగాను,
పోయేదేమిటి, ఉండేదేమిటని.

"నీళ్ళలో శవం ఈకండి మాస్టారూ,
ఒంటిసేత్తో లాగేత్తాను.
గట్టుకొచ్చేతలికి నలుగురు కావాల.
పోవాల్సింది పోయింది కదా,
మరీ బరువెక్కడిదండీ?"

తేలడానికో సూత్రముంది, నాకు తెలుసు.
నోటిదాకా వచ్చి ఉప్పగా ఆగింది.

పాత బట్ట విడిచినట్టే దేహమూ అని
ఎన్నిసార్లు చెప్పాను,
సుద్ద చేతులతో, ఫ్యాన్ చప్పుడు మీద గొంతు పెంచి.
వెనక బెంచీలో ఈ పిల్లాడు, గొర్లె హేమసుందర్,
కిటికీలోంచి ఔటర్ హార్బర్ ఓడల్ని లెక్కపెట్టేవాడు.
ఒకసారి మందలిస్తే
"పదకొండు సార్" అన్నాడు.

రాతి మీద దొరికిన వాడి చొక్కా
తల్లి ఒళ్ళో మడతల్లో ఉంది.
చిరగలేదు. వెలవలేదు.
జగదాంబ సెంటర్ షాపు ధర చీటీ
కాలర్ లోపల ఇంకా వేలాడుతోంది.

కొండ మీద లైట్‌హౌస్ వెలిగింది.
పోలయ్య బీడీ ఇసుకలో గుచ్చాడు.
"ఆ రాళ్ళ సందు సూడలేదు.
ఇంకోపాలి దిగుతాను."

నిన్నట్నించీ నోరు విప్పని తల్లి
చొక్కా మడత విప్పి, దులిపి,
అతని చేతికందించింది.
"లోపల సలేత్తాది. అట్టుకెళ్ళు బాబూ."

పోలయ్య నా వైపు చూశాడు.
నేను సముద్రం వైపు.