అక్షరానికి తొమ్మిది డాలర్లు

ఎవారిస్ట్ పోయి పదకొండు వారాలు.
వీలునామాలో నా గురించి ఒకే వాక్యం:
"మిగతావి ఓజీత్ చూసుకుంటుంది."

చూసుకున్నాను.
పడవ అమ్మాను.
నలభై రెండు లాబ్‌స్టర్ బోనులు
పక్క రేవు కుర్రాడికి ఇచ్చేశాను.
కరెంటు బిల్లు, పళ్ల డాక్టరు బాకీ,
కాటికి పోయినా వదలనివన్నీ కట్టేశాను.
మిగిలింది ఒక్కటే,
హాలిఫాక్స్‌లో ఏ నేలమాళిగలోనో ఒక ఫైలు.

డెబ్భై నాలుగేళ్ల కిందట
ఒక మగబిడ్డని ఈ చేతుల్లోంచి ఆ చేతుల్లోకి
మార్చినప్పుడు రాసుకున్న కాగితాలు.
బతికుండగా వాడు అడగలేదు.
దరఖాస్తు నింపాడు, స్టాంపు అంటించాడు,
రేడియో కింద పెట్టి
ఎనిమిదేళ్లు వాతావరణ వార్తలు విన్నాడు.

నేను పంపాను.
మరణ ధ్రువపత్రం, వీలునామా నకలు, కోర్టు ముద్ర.
జవాబు మర్యాదగానే వచ్చింది:
చనిపోయినవారికీ గోప్యత ఉంటుంది.
వీలునామా అమలుకర్తగా మీకు హక్కున్న మాట నిజమే,
ఆస్తి వ్యవహారానికి అవసరమైనంత మేరకు.
ఆ అవసరం ఏమిటో తెలుపగలరు.

ఏమని తెలపను?
రేవులో దిగిన ప్రతి ముసలామె ముక్కూ
తన ముక్కులా ఉందేమోనని
వాడు చూసిన చూపు
ఏ పద్దు కింద రాయాలి? ఎంత విలువ కట్టాలి?

మూడు రోజులు పెన్ను కొరికాను.
నాలుగో రోజు రాళ్లు చెక్కే గిల్దాస్ ఫోను.
"రాయి సిద్ధం. మన ఆనవాయితీ తెలుసుగా,
పేరు కింద 'ఫలానా ఆమె కొడుకు' అని ఉండాలి.
ఏం చెక్కమంటావు?
అక్షరానికి తొమ్మిది డాలర్లు."

తొమ్మిది డాలర్లు!
గిల్దాస్, నీ నోట్లో పంచదార పొయ్య.
సమాధి రాయి ఆస్తిలోంచి పెట్టాల్సిన ఖర్చే కదా.
అక్షరాలెన్నో తెలియకుండా
నేను లెక్క ఎలా మూసేది?
అదే రాసి పంపాను, వాడి ధరల చీటీ జతచేసి.

ఏప్రిల్‌లో, మంచు బురదయ్యే వేళ, కవరు వచ్చింది.
ముప్పై ఒక్క పేజీలు.
ముప్పై పేజీలకు తారు పూసినట్టు నలుపు.
తండ్రి, నలుపు.
కారణం, నలుపు.
ఆమె ఏడ్చిందా అన్నది అసలెవరూ రాసుకోలేదు,
దానికి నలుపు కూడా దక్కలేదు.
ఐదో పేజీలో, బిడ్డ బరువు పక్కన,
ఒక్క గడి తెల్లగా వదిలారు,
నేను అడిగినంత మేరకు.

రేడియో ఆపి, వంటింట్లో
గట్టిగా చదివాను, రెండుసార్లు.
తర్వాత గిల్దాస్‌కి చేశాను.
"ఆరు అక్షరాలు. రాసుకో."

మీకు మాత్రం ఇక్కడ చెప్పను.
నాకున్న హక్కు ఆ రాయి దాకానే.
చూడాలనుంటే రేవు దాటి గుట్ట ఎక్కండి,
గాలికి టోపీ పట్టుకోండి.

లెక్క పుస్తకంలో ఆఖరి పద్దు:
అమ్మ, యాభై నాలుగు డాలర్లు.