మూడుముప్పావు

బోహిన్ లోయలో మంచింకా కరగలేదు.
నెజ్కా వంటబల్ల మీంచి రొట్టెల బుట్ట తీసేసి
ఇక్కడ పెట్టమంది.
పద్దెనిమిది కిలోల టేప్ రికార్డరు. నా నడుముకి తెలుసు.

ముందు హెడ్లు తుడవాలి.
దూదిపుల్లకి స్పిరిటు, దూదికి గోధుమరంగు మసి,
ముప్పయ్యేళ్లుగా ఎవరూ వినని మసి.
రబ్బరు చక్రానికి మాత్రం స్పిరిటు పనికిరాదు, సబ్బునీళ్లే.
"యెర్నేయ్ చేతులకీ అదే చెప్పేదాన్ని" అంది.

ఐదు ముళ్ల ప్లగ్గు.
ఈ కాలపు ఆంప్లిఫయరుకి దాని భాష రాదు,
మధ్యలో ఒక తీగ దుబాసీ.
తప్పు ముల్లుకి కలిపితే ఇంటి కరెంటే మూలుగుతుంది.
ఒకసారి మూలిగింది కూడా.

ఎడమ రీలు నిండుగా, కుడిది ఖాళీగా.
టేపు మెరుపు బయటికి, మసక హెడ్ల వైపుకి.
రెండు చుట్లు వేలితో తిప్పి
మీట నొక్కాను.

కందిరీగలు! వంటిల్లంతా కోపం.
"ఇవి మా ఈగలు కావు" అంది గట్టిగా,
నేనేదో వేరే ఇంటి టేపు తెచ్చినట్టు.
అప్పుడు చూశాను, వేగం ఏడున్నర మీదుంది.
మూడుముప్పావుకి దించాను.

రొద ఒక్కసారిగా బరువెక్కింది.
నెజ్కా కుర్చీ లాక్కుని కూర్చుంది.
పదకొండో పెట్టె, అంది.
రాణి ముసలిది. ఆ వేసవిలోనే మార్చాం.

ఆయన మాట వస్తుందేమోనని నేను కాచుకున్నాను.
రాలేదు.
చివర్లో పొగడబ్బా మూత చప్పుడు, ఒక దగ్గు.
తర్వాత టేపు తోక ఊడిపోయి
కుడి రీలు మీద టప్ టప్ టప్‌మని కొట్టుకుంటూ తిరిగింది.

ఆపబోయాను.
ఉండనీ, అంది,
బుట్ట దగ్గరికి లాక్కుని రొట్టె కోస్తూ.